ముందు ఎరుపు, వెనక నలుపు

ఆ ఏడు ఎండలు ఇంకా తగ్గకముందే ఒక సాయంత్రం మా పర్సిస్ సైకిలును భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. సైకిలు మనిషిని మోయడం చూశాను గానీ మనిషి సైకిలును మోయడమేమిటే అని గుమ్మంలో నిలబడి నవ్వాను. దగ్గరికొచ్చాక నవ్వు ఆగిపోయింది. పిల్ల మోకాలు దోక్కుపోయి ఉంది. సైకిలు వెనక చక్రం నూనెలో వేసిన అప్పడంలా ఒక పక్కకి లేచిపోయింది.

"ఏమైందే నా తల్లీ?"

"రాళ్ళల్లో పడ్డాను అమ్మమ్మా. నాకేం కాలేదు. వీల్ చచ్చిపోయింది."

నాకేం కాలేదు అన్నప్పుడు కన్ను తడవలేదు. వీల్ చచ్చిపోయింది అన్నప్పుడు బావురుమంది.

మేముండేది అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో. మా అమ్మాయి రూతు మందుల కంపెనీలో పని చేస్తుంది. పర్సిస్ దాని ఒక్కగానొక్క కూతురు, హైస్కూలు పిల్ల. స్కూలు పిల్లలందరూ కలిసి కొండ సైకిళ్ళ జట్టు ఒకటి పెట్టుకున్నారు. అడవిలో, రాళ్ళ మీద, చెట్ల వేళ్ళ మీద తొక్కుతారు. వెన్న రాసినట్టు రోడ్లు వేసుకున్న దేశంలో పిల్లలు వెతుక్కుంటూ వెళ్ళి మరీ గతుకుల్లో తొక్కడమేమిటో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. నరసాపురం పక్కన మా ఊళ్ళో రోడ్డు లేక గతుకుల్లో తొక్కారు. వీళ్ళు రోడ్డుండి తొక్కుతున్నారు. అంతే తేడా. కానీ ఆ పిల్ల మొహం సైకిలెక్కితే ఎలా వెలిగేదో చూశాక ఇంకేమీ అనలేదు.

అల్లుడు సుందర్ రాజ్‌ది కంప్యూటర్ల ఉద్యోగం. ఉద్యోగం అన్నాను గానీ, అది జూలైలోనే పోయింది. అతనొక్కణ్ణే కాదు, ఆ అంతస్తులో వాళ్ళందర్నీ ఒకేసారి తీసేశారు. గ్రీన్‌కార్డు వచ్చి ఉండబట్టి దేశం వదలాలన్న బెంగ లేదు. అతని బెంగ వేరు. ఈ సంగతి మా తెలుగు చర్చిలో ఎవరికీ తెలియకూడదన్నాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు ఆఫీసులో కూర్చున్నట్టే కూర్చునేవాడు. ఆదివారం చర్చిలో ఎవరైనా "సుందర్ రాజ్ ఎలా ఉన్నాడు అమ్మమ్మగారూ?" అని పలకరిస్తే "ఇంటి నుంచే పని నాయనా" అనేదాన్ని. అబద్ధమెలా అవుతుంది? వెతికేది ఇంటి నుంచే కదా.

చక్రం విరిగిన మర్నాడు అల్లుడూ, పిల్లా, నేనూ సైకిళ్ళ షాపుకి వెళ్ళాం. షాపతను చక్రాన్ని తిప్పి చూసి, వెనకది ఇక పనికిరాదన్నాడు. ముందు చక్రానికి కూడా రిమ్ము మీద సన్నటి చీలిక చూపించాడు. మామూలు దారిలో నెమ్మదిగా తొక్కుకోవచ్చు గానీ, సీజను చివర్లో రాళ్ళ కొండ మీద జరిగే పెద్ద పోటీకి దాంతో వెళ్ళనివ్వరట. రెండు చక్రాలూ మార్చాల్సిందే. ధర చెప్పాడు. సుందర్ రాజ్ నవ్వుతూ తలూపి, "థాంక్యూ, మళ్ళీ వస్తాం" అన్నాడు. చీరల కొట్లో నేను ఎన్నిసార్లు అన్నానో ఆ మాట! ఏ దేశంలో అన్నా దానికి ఒకటే అర్థం.

కార్లో కాసేపటికి తనే అన్నాడు. "పర్సీ, థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఇవే సగానికి వస్తాయిరా. అప్పటిదాకా ఆగుదాం."

"డాడీ, థాంక్స్‌గివింగ్‌కి సీజనే అయిపోతుంది. లాస్ట్ రేస్ నవంబర్ ఫస్ట్ వీక్."

"నెక్స్ట్ ఇయర్ ఉందిగా?"

పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మనవాళ్ళకి ఈ సేల్ పిచ్చి ఏమిటో గానీ, ఆకలేస్తే కూడా కూపన్ వచ్చేదాకా ఆగమంటారు.

ఆదివారం చర్చి అయ్యాక పార్కింగులో రఘువీర్ ఎదురొచ్చాడు. పళ్ళ డాక్టరు. గొంతు ఎంత పెద్దదో చెయ్యి అంత పెద్దది. అతని కూతురు అనుష్కది కూడా సైకిళ్ళ జట్టే. ఆ పిల్లకి ఆ వేసవిలోనే ఖరీదైన కొత్త చక్రాలు కొన్నాడు.

"బ్రదర్, పర్సిస్ వీల్స్ పోయాయంటగా! మా అనుష్క పాతవాటిలో ముందు వీల్ ఒకటి గరాజ్‌లో ఊరికే పడుంది. బంగారంలా ఉంది. పట్టుకెళ్ళండి."

అది నాకు తెలుసు. మధ్యలో కుంకుమ భరిణెలా ఎర్రటి గుండు ఉండే చక్రం. తిరుగుతుంటే ఎంత ముద్దుగా ఉండేదో. పర్సిస్ కళ్ళు మెరిశాయి.

"వద్దు బ్రదర్," అన్నాడు సుందర్ రాజ్. "ఆల్రెడీ కొత్త సెట్ ఆర్డర్ చేసేశాం."

పర్సిస్ తండ్రి మొహంలోకి చూసింది. నేను నా చెప్పుల్లోకి చూసుకున్నాను.

కార్లో కూర్చున్నాక ఆ పిల్ల ఒక్కటే మాట అడిగింది. "డాడీ, నిజంగా ఆర్డర్ చేశావా?"

"చేస్తాను," అన్నాడు.

నోటితో అనేశాక చెయ్యక తప్పదు. ఆ సోమవారం నుంచి మా ఇంట్లో చక్రాల చదువు మొదలైంది. సుందర్ రాజ్ సంగతి మీకు తెలియదు. రైస్ కుక్కర్ కొనడానికి నెల రోజులు ఆలోచించిన మనిషి. ఉద్యోగాల వేట అయ్యాక సాయంత్రం వరకూ చక్రాల వేట. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఎదురుగా కూర్చునేదాన్ని.

"ఏంటి బాబూ అంత లోతుగా చూస్తున్నారు?"

"చక్రాల్లో ఇన్ని రకాలుంటాయని నాకు తెలీదు అత్తయ్యా. కార్బన్‌వి ఉన్నాయి, వాటి జోలికి మనం పోం. అల్యూమినియంవే చాలు. వాటిల్లోనే తేలికవి, గట్టివి, చవకవి..."

"ఆ మూడూ ఒకదాంట్లో ఉన్నది తీసుకోండి మరి."

"అదే దొరకదు. ఏ రెండో దొరుకుతాయి."

"పెళ్ళికొడుకుల్లోనూ అంతే బాబూ. చదువుంటే గుణముండదు, గుణముంటే ఉద్యోగ..." అని నాలుక కరుచుకున్నాను.

చేతిలో చిక్కుడుకాయ గిన్నెలోకి జారిపోయింది. తర్వాత సుందర్ రాజ్ పకపకా నవ్వాడు. జూలై తర్వాత మా ఇంట్లో అతని నవ్వు వినడం అదే మొదలు. "పర్లేదత్తయ్యా, మీ అమ్మాయికి రెండు దొరికాయిగా!"

అప్పటి నుంచి నాకు కూడా పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాల్లో మెచ్చుకున్నవాళ్ళని వదిలేసి తిట్టినవాళ్ళనే ముందు చదవాలట. పేరు లేని చవక చక్రాలు కొంటే ఊచలు తెగి రెండోసారి కొనాలట. తేలిక కోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు, పిల్ల వయసులో ఉంది, కాస్త బరువైనా తొక్కుతుందట. నాకు ఒక బొమ్మ నచ్చింది. సన్నగా, నాజూగ్గా, వెండిలా మెరిసిపోతోంది.

"ఇవి చూడండి, ఎంత బావున్నాయో. చవక కూడానట."

పర్సిస్ వెనక నుంచి తొంగి చూసి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "అమ్మమ్మా, అవి రోడ్ బైక్‌వి! అడవిలో వన్ మినిట్‌లో ఫోల్డ్ అయిపోతాయి."

"అయితే అప్పడాలు చేసుకుందాం," అన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం సుందర్ రాజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండు చక్రాల జత, మంచి కంపెనీది, స్టాకు వదిలించుకుంటున్నారట. గంటలో అయిపోతుందని తెర మీద గడియారం వెనక్కి తిరుగుతోంది. ఇన్నాళ్ళు ఆలోచించిన మనిషి ఆ గడియారాన్ని చూసి కంగారుపడ్డాడు. నొక్కేశాడు.

పెట్టె వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. గరాజ్‌లో సైకిలును తలకిందులుగా నిలబెట్టి తండ్రీ కూతురూ ఇద్దరూ చక్రాన్ని ఎత్తి పెట్టారు. కూర్చోలేదు. తిప్పి పెట్టారు. కూర్చోలేదు. నేను పట్టుకున్నాను, అయినా కూర్చోలేదు. చివరికి సుందర్ రాజ్ నా జాకెట్ల కొలతల టేపు తెచ్చి ఇరుసును కొలిచి, అలాగే నేల మీద చతికిలబడ్డాడు. ఇరుసుల్లోనూ కొలతలుంటాయట. మన సైకిలుకి కావలసినదాని కంటే వచ్చిన చక్రం ఇరుసు ఒక బియ్యపు గింజంత పొట్టి.

"ఒక్క బియ్యపు గింజేగా బాబూ, సుత్తితో..."

"నో!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

ఇక్కడున్న మనవాళ్ళకి చర్చి పండగలు గుర్తుండకపోవచ్చు గానీ ఏ వస్తువు ఎప్పటిలోగా వాపసు ఇవ్వాలో కంఠతా వచ్చు. చక్రాలు వెనక్కి వెళ్ళిపోయాయి. జట్టు పిల్లలందరూ అడవిలో తొక్కుతుంటే పర్సిస్ గట్టు మీద నిలబడి మంచినీళ్ళు అందిస్తోందని రూతు చెప్పింది.

ఈ సందట్లో ఆ వంకర చక్రాన్ని చెత్తలో పడేశారు. నేనూరుకుంటానా? ఇనుములా గట్టిగా ఉన్న వస్తువు. తెచ్చి పెరట్లో కంచెకి కట్టి, నా సొరపాదును దాని మీదికి పాకించాను. ఆ ఏడు పాదు ఆలస్యంగా అందుకుంది. ఆకులు చక్రాన్నంతా కప్పేశాయి. లోపల ఏం జరుగుతోందో నేను కూడా పట్టించుకోలేదు.

సెప్టెంబరు నెలాఖరులో ఒక శనివారం. రూతు వారమంతా పని చేసి, శనివారం కూడా పోతోంది ఆ రోజుల్లో. సుందర్ రాజ్ లాప్‌టాప్ మూసి నా వైపు తిరిగాడు.

"అత్తయ్యా, నాకిప్పుడు అర్థమైంది. రెండూ ఒక్కసారే కొనాలనుకోవడం నా తప్పు. బరువంతా పడేది వెనక చక్రం మీద. రాయి తగిలినా, గుంటలో పడినా దెబ్బ దానిదే. మంచిది కొంటే అది కొనాలి. ముందుది దారి చూపిస్తుందంతే. దాని సంగతి తర్వాత చూడొచ్చు."

సరిగ్గా అప్పుడే రూతు వచ్చి, భుజాన సంచితో, చేతిలో కూరల సంచులతో గుమ్మంలో నిలబడింది. "దేని గురించి?" అంది.

సుందర్ రాజ్ లేచి వెళ్ళి సంచులు రెండూ అందుకున్నాడు. "చక్రాల గురించి," అన్నాడు.

తర్వాత వంటింట్లోకి వచ్చి పై అరలో ఉన్న హార్లిక్స్ డబ్బా దించాడు. ఆ డబ్బా అంటే ఏమిటో చెప్పాలి.

మా గోదావరి వైపు చర్చిల్లో కోత పండుగ చేస్తాం. పండిన పంటలో మొదటిది దేవుడి దగ్గర పెడతాం. గుమ్మడికాయ, కోడి, కొబ్బరి గెల, ఎవరికి ఉన్నది వారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. ఆ వేలం బజారులో వేలం లాంటిది కాదు. ఎంత ఎక్కువ పాడితే అంత ప్రేమ. పాట పెంచి పెంచి ఎదుటివాణ్ణి ఏడిపించడం, కొన్నది మళ్ళీ ఇచ్చినవాళ్ళకే ఇచ్చెయ్యడం, అదంతా సరదా. క్యారీలో కూడా తెల్లవాళ్ళ చర్చి హాలు అద్దెకి తీసుకుని అదే పండుగ అలాగే చేస్తారు. నేనొచ్చిన మొదటి ఏడు నా సొరకాయను సుందర్ రాజ్ పాడాడు. రఘువీర్ పోటీకి లేచాడు. అప్పటి నుంచి ఏటా అదే తంతు. అతను పెంచడం, ఇతను పెంచడం, హాలంతా ఈలలు. ఏ ఏడూ మా అత్తయ్య సొరకాయ వేరేవాళ్ళ చేతికి వెళ్ళనివ్వలేదని సుందర్ రాజ్ గొప్ప. ఆ పాట కోసం నెలనెలా కాస్త కాస్త వేసే డబ్బా అది.

"మీతో ఒక మాట అత్తయ్యా," అన్నాడు డబ్బా మూత మీద చెయ్యి పెట్టి. "ఇది దేవుడి డబ్బు. దీంతో చక్రం కొంటే..."

"దేవుడు వేలం పాటకి రాడు బాబూ. వచ్చేది మనమే. ఆయనకి ఇచ్చేది సొరకాయ. అది ఇచ్చేస్తాంగా."

"అయితే ఈ ఏడు పండగకి మనం వెళ్ళొద్దు. రఘువీర్ లేచి పాడుతుంటే నేను నోరు మూసుకుని కూర్చోలేను."

"మీ ఇష్టం. నా సొరకాయ వెళ్తుంది, నేనూ వెళ్తాను."

వెనక చక్రం వచ్చింది. ఒట్టి నలుపు. ఏ సోకూ లేదు. ఈసారి ఆర్డర్ చెయ్యకముందే నా టేపుతో ఎన్నిసార్లు కొలిచాడో. గూట్లో పక్షిలా చప్పుడు లేకుండా కూర్చుంది. పర్సిస్ దాన్ని చేత్తో తిప్పి, చెవి దానికి దగ్గరగా పెట్టి, అది తిరిగే చప్పుడు వింది. తేనెటీగల్లాగా జుయ్యిమంది. "థాంక్యూ డాడీ," అని తండ్రిని వాటేసుకుంది. ముందు చక్రం చీలిక మాట ఎవరూ ఎత్తలేదు. మెత్తటి దారుల్లో తొక్కుతూ ప్రాక్టీసుకి వెళ్ళిపోయేది. కానీ కొండ మీది పోటీ దగ్గర పడుతోంది, డబ్బా ఖాళీ అయింది. అందరికీ తెలుసు.

పండుగ ముందు రోజు సొరకాయ కోద్దామని కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఆకులు తీసి చూసి, నా తల్లోయ్ అనుకున్నాను. పిందెగా ఉన్నప్పుడు ఊచల మధ్య నుంచి దూరిన కాయ, అవతల పక్క సగం, ఇవతల పక్క సగం ఊరిపోయి ఉంది. నడుముకి ఒడ్డాణం బిగించినట్టు ఊచల్లో ఇరుక్కుంది. కాయ కావాలంటే చక్రం కొయ్యాలి, చక్రం కావాలంటే కాయ కొయ్యాలి.

పర్సిస్ నేల మీద పడి నవ్వింది. "అమ్మమ్మా, ఇలాగే తీసుకెళ్దాం! ప్లీజ్, ప్లీజ్!"

మర్నాడు సుందర్ రాజ్ మమ్మల్ని హాలు గుమ్మం దగ్గర దించేసి వెళ్ళిపోతానన్నాడు. కానీ ఆ చక్రాన్ని, అందులో వేలాడే కాయను నేను మొయ్యగలనా? రూతు చేతుల్లో పులిహోర, పర్సిస్ చేతుల్లో కుర్చీలు. పాపం, తనే మోసుకుంటూ లోపలికి రావలసొచ్చింది. నిజం చెప్పొద్దూ, రూతు పులిహోరని నేనడిగితే ఇచ్చేదే. నేనడగలేదు. హాల్లోకి అడుగుపెట్టగానే పిల్లలంతా చుట్టుముట్టారు. ఫోన్లు తీసి ఫోటోలు. ఇక వెళ్ళడానికి లేకపోయింది. వెనక వరసలో రూతు పక్కన కూర్చున్నాడు.

వేలం వేసేది కాలేబ్ గారు. సన్నగా ఉంటాడు గానీ ఆయన గొంతుకి మైకు దండగ. గోంగూర కట్టలు, ఆవకాయ సీసాలు, కోడిగుడ్లు, కుండీలో కరివేపాకు మొక్క, అన్నీ ఆకాశానికి వెళ్ళాయి. కరివేపాకు మొక్క పలికిన ధరకి మా ఊళ్ళో ఎకరం కౌలుకొచ్చేది. తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు చక్రాన్ని పట్టుకొచ్చి బల్ల మీద నిలబెట్టారు. హాలంతా గొల్లుమంది.

"అమ్మమ్మగారూ, ఇదేం సొరకాయండీ, స్పేర్ టైరుతో సహా తెచ్చారు!" అన్నాడు కాలేబ్.

"దూరం నుంచి రావాలిగా నాయనా," అన్నాను.

మళ్ళీ నవ్వులు. కాలేబ్ చెయ్యెత్తి వెనక వరస వైపు చూశాడు. అందరూ అటే తిరిగారు. రఘువీర్ అప్పటికే చేతులు మడిచి లేచి నిలబడి ఉన్నాడు, ఏటా లాగే, పోట్లాటకి సిద్ధంగా.

"సుందర్ రాజ్ బ్రదర్! మీ అత్తగారి సొరకాయ. ఎక్కడ మొదలుపెడదాం?"

సుందర్ రాజ్ లేచాడు. రూతు అతని చెయ్యి పట్టుకోబోయి వదిలేసింది.

"ఐదు డాలర్లు, బ్రదర్."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇది కొత్త వేళాకోళం అనుకున్నారు.

"జూలైలో నా జాబ్ పోయింది," అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "ఈ ఏడు నేను పెట్టగలిగింది ఐదే. ఎవరైనా పైన పాడితే సంతోషంగా ఇచ్చేస్తాను."

కూర్చోలేదు. అలాగే నిలబడ్డాడు.

ప్రార్థనలో కూడా మనవాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండరు. కాలేబ్ గారు రఘువీర్ వైపు చూశాడు. రఘువీర్ నోరు తెరిచాడు. ప్రేమ చూపించాలంటే పాట పెంచడమే మాకు తెలిసింది. అతను పెంచితే అది ప్రేమే. కానీ పెంచితే నా అల్లుడు కూర్చోవాల్సిందే.

రఘువీర్ నోరు మూసేసి, కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఐదు డాలర్లు ఒకటోసారి," అన్నాడు కాలేబ్. ఒక్క చెయ్యీ లేవలేదు. "ఐదు డాలర్లు రెండోసారి." ముందు వరసలో ఎవరి పసిపిల్లాడో చెయ్యెత్తితే తల్లి గబుక్కున కిందికి లాగేసింది. "మూడోసారి! సొరకాయ, చక్రం, సుందర్ రాజ్ బ్రదర్‌కి!"

అప్పుడు కొట్టారు చప్పట్లు. పైకప్పు ఎగిరిపోతుందేమో అనుకున్నాను.

భోజనాల దగ్గర కాలేబ్ గారి భార్య శశికళ నా పళ్ళెంలో ఇంత బిర్యానీ వడ్డించి చెవిలో చెప్పింది. "మాకు ఆగస్టులోనే తెలుసు అమ్మమ్మగారూ. ఆ కంపెనీలో మావాళ్ళు ముగ్గురున్నారు. మీరు చెప్పేదాకా ఎవ్వరూ అడక్కూడదనుకున్నాం."

"మరి ప్రతి ఆదివారం ఇంటి నుంచే పని అని నా చేత చెప్పించుకున్నారే!"

"మీరు చెప్తుంటే ముద్దుగా ఉంటుందండీ," అంది ఆ మహాతల్లి.

రఘువీర్ పళ్ళెం పట్టుకునే సుందర్ రాజ్ మీదికి వచ్చాడు. "ఐదు డాలర్లకి కొట్టేశావు బ్రదర్! వచ్చే ఏడు వడ్డీతో సహా కక్కిస్తా, చూస్కో. రెజ్యూమే పంపు నాకు, ఈరోజే. మా పేషెంట్ ఒకాయన పెద్ద మేనేజరు. నోట్లో నా డ్రిల్ ఉన్నప్పుడు అడుగుతా, కాదనలేడు." తర్వాత గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించగలడని నాకు అప్పుడే తెలిసింది. "ఆ వీల్ నా కార్ ట్రంక్‌లోనే ఉంది. ఆ ఆదివారం నుంచి దాంట్లోనే తిరుగుతోంది."

సుందర్ రాజ్ పళ్ళెం పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని అడిగాడు. "ఇరుసు కొలత ఎంత బ్రదర్?"

"నాకు పళ్ళు తప్ప ఏ కొలతలూ తెలీవు."

సుందర్ రాజ్ కోటు జేబులోంచి నా జాకెట్ల టేపు తీశాడు. ఆ పెద్దమనిషి దాన్ని చర్చికి కూడా తెచ్చుకున్నాడు! ఇద్దరూ పార్కింగులో ట్రంకు తెరిచి వంగి కొలుస్తుంటే పర్సిస్ వేళ్ళు ముడిచి పెదాల దగ్గర పెట్టుకుని నిలబడింది. బియ్యపు గింజంత తేడా కూడా లేదు.

ఆ సోమవారం సుందర్ రాజ్ పాత టీషర్టుతో మేడ దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మళ్ళీ ఇంటర్వ్యూలకే. ఫోను మోగుతూనే ఉండేది, ఎవరెవరో బ్రదర్లు. ఉద్యోగం మరుసటి ఏడు గానీ రాలేదు. కానీ మా ఇంట్లో గొంతులు మాత్రం మామూలయ్యాయి. సొరకాయను చివరికి నేనే కోశాను, ఊచలు కొయ్యనివ్వలేదు. ఒక సగం పాలు పోసి వండాను. రెండో సగం రఘువీర్ ఇంటికి పంపాను.

నవంబరు మొదటి శనివారం అందరం ఆ కొండ దగ్గరికి వెళ్ళాం. ఆకులన్నీ పండిపోయి, గాలికి రాలుతున్నాయి. ముందు చక్రం ఎరుపు, వెనక చక్రం నలుపు. అలాంటి సైకిలు ఆ కొండ మీద ఇంకోటి లేదు. నాకైతే దూరం నుంచే తెలిసిపోయేది. రాళ్ళ దారిలో అది దడదడమంటూ దిగి వస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. రూతు నా చెయ్యి నలిపేసింది. "తొక్కు తల్లీ, తొక్కు!" అని సుందర్ రాజ్ కంచె వెంట పరిగెత్తాడు. అతని వెనకే రఘువీర్, తన కూతురు అనుష్క ఎప్పుడో ముందు వెళ్ళిపోయినా.

"చూశావా, నా వీల్ ముందొచ్చింది!" అని రఘువీర్ రొప్పుతూ అరిచాడు.

"ముందు చక్రం ముందే వస్తుంది బ్రదర్," అన్నాడు సుందర్ రాజ్. "మోసుకొచ్చింది వెనకది." అని రూతు వైపు చూశాడు. రూతు వినబడనట్టు మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ నిలబడింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పర్సిస్ ఒళ్ళంతా బురదతో, పళ్ళన్నీ బయటపెట్టి, సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"ఎన్నో దానివి వచ్చావే?" అన్నాను.

"తెలీదు అమ్మమ్మా. చూస్కోలేదు." సైకిలును పైకెత్తి రెండు చక్రాలనూ చేత్తో తిప్పింది. "ఇది చూడు. రెండూ ఇంకా రౌండ్‌గానే ఉన్నాయి!"